గ్రూప్-2 ప్రిపరేషన్‌లో ఫోన్: అవసరం ఉంచుకుని అడ్డంకి తీసేయడం ఎలా?

#1 · కాకతీయబాట

క్లాసులు యూట్యూబ్‌లో, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు టెలిగ్రామ్‌లో, మాక్ టెస్టులు యాప్‌లో. ఫీజు కట్టాలంటే యూపీఐ, ఏది తెరవాలన్నా ఓటీపీ. ‘ఫోన్ పక్కన పెట్టెయ్’ అనడం తేలికే గానీ, పక్కన పెడితే సగం మెటీరియల్ పోతుంది. పెట్టకపోతే గంట క్లాసు కోసం తెరిచిన ఫోన్ షార్ట్స్ దగ్గర తేలుతుంది. ఎన్ని గంటలు కుర్చీలో కూర్చున్నామన్నదానికీ, ఎన్ని పేజీలు బుర్రకెక్కాయన్నదానికీ పొంతన లేకుండా పోతోంది.

ఇక్కడ మోటివేషన్ వద్దు. ఏ సెట్టింగ్ మార్చాలి, ఏ వరసలో మార్చాలి, ఎక్కడ బెడిసికొడుతుంది, ఎందుకు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఆండ్రాయిడ్ వాడేవాళ్లే ఎక్కువ కాబట్టి దానితో మొదలుపెడదాం.

#2 · లెక్కలబడి

మూడు రోజులు ఏదీ మార్చకుండా కొలవండి. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే స్క్రీన్ టైమ్ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. మనకు అది పెద్దగా పనికిరాదు. రెండు గంటల పాలిటీ క్లాసూ రెండు గంటల రీల్సూ అందులో ఒకే ముద్దగా కలిసిపోతాయి. చూడాల్సింది ఇంకో రెండు అంకెలు: ఫోన్ ఎన్నిసార్లు అన్‌లాక్ అయింది, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి. చదవడానికి కూర్చునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి ఆ అంకెలు రాసుకుని తీసివేస్తే ఆ సిట్టింగ్ లెక్క తేలుతుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టండి. నోటిఫికేషన్లూ ఎక్కువ, అన్‌లాక్‌లూ ఎక్కువ అయితే ఫోన్ మిమ్మల్ని పిలుస్తోందన్నమాట. నోటిఫికేషన్లు తక్కువే, అన్‌లాక్‌లు మాత్రం ఎక్కువ అయితే ఎవరూ పిలవకుండానే చెయ్యి వెళ్తోంది. మొదటిదానికి సెట్టింగ్స్ సరిపోతాయి. రెండోదానికి సెట్టింగ్స్‌తో ఒరిగేది తక్కువ. ఫోన్‌కు దూరం కావాలి, ముందున్న పని ఏమిటో స్పష్టంగా తెలియాలి. రెండో రకం వాళ్లు మొదటి రకం వైద్యం చేసుకుని, వారం తిరక్కుండానే ఇవేవీ పనిచేయవని వదిలేస్తుంటారు.

ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ కింద పికప్స్ అని ఉంటుంది. ఫోన్ ఎత్తగానే మొట్టమొదట ఏ యాప్ తెరిచారో కూడా అది చెబుతుంది. ఆ జాబితాలో పైన ఉన్నదే మీ అసలు అడ్డంకి.

#3 · గోదారిగట్టు

లెక్కలబడి గారు చెప్పిన మొదటి రకం వాళ్ల కోసం. అరగంట పని, ఒక్కసారి కూర్చుని పూర్తి చేసేయండి.

సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్, అందులో యాప్ నోటిఫికేషన్స్. ఎక్కువ పంపేవి పైకి వచ్చేలా వరస మార్చుకోవచ్చు. ఉంచాల్సినవి నాలుగే: ఫోన్, మెసేజ్‌లు, బ్యాంకు లేదా యూపీఐ, అలారం. మిగతావన్నీ ఆఫ్. షాపింగ్, ఫుడ్ డెలివరీ, వార్తలు, ఆటలు అన్నీ. ఏదైనా యాప్‌లో ఒక రకం నోటిఫికేషన్ కావాలి, ఇంకో రకం వద్దు అనుకుంటే, వచ్చిన నోటిఫికేషన్‌ను నొక్కి పట్టుకోండి. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒకే యాప్‌లోని రకాలను విడివిడిగా ఆపే వీలుంది. మాక్ టెస్టు యాప్‌లో ‘టెస్ట్ మొదలైంది’ అనేది ఉంచి, ‘50 శాతం డిస్కౌంట్’ అనేది తీసేయొచ్చు, ఆ యాప్ వాటిని వేర్వేరుగా పెట్టి ఉంటే. అన్నిటినీ ఒకే గాటన కట్టిన యాప్‌లూ ఉంటాయి, వాటిని మొత్తం ఆపేయడమే. యాప్ గుర్తు మీద వచ్చే చుక్క కూడా తీసేయండి. శబ్దం లేకపోయినా ఆ చుక్క చాలు చెయ్యి లాగడానికి.

వాట్సాప్‌లో గ్రూపులన్నీ ఆర్కైవ్ చేసి, సెట్టింగ్స్‌లో చాట్స్ కింద ‘కీప్ చాట్స్ ఆర్కైవ్డ్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే కొత్త మెసేజ్ రాగానే గ్రూపు మళ్లీ పైకి వచ్చేస్తుంది, చేసిందంతా వృథా. ఆన్‌లో ఉంటే మిమ్మల్ని పేరుపెట్టి పిలిచినప్పుడో, మీ మెసేజ్‌కు జవాబిచ్చినప్పుడో మాత్రమే తెలుస్తుంది. టెలిగ్రామ్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ ఆర్కైవ్ ఒక్కటే చాలదు, మ్యూట్ కూడా చేయాలి. మ్యూట్ చేయని ఛానెల్ కొత్త పోస్టు రాగానే ఆర్కైవ్‌లోంచి బయటికి వస్తుంది. ‘ఫలానావారు టెలిగ్రామ్‌లో చేరారు’ అని వచ్చేదాన్ని నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లోనే ఆపేయొచ్చు.

ఇంటి నుంచి అర్జెంటు కాల్ వస్తే? డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, కాల్స్ కింద స్టార్ పెట్టిన కాంటాక్టులకు మాత్రమే అనుమతి ఇవ్వండి. రిపీట్ కాలర్స్ కూడా ఆన్ చేయండి. స్టార్ లేకపోయినా 15 నిమిషాల్లోపు అదే నంబరు రెండోసారి చేస్తే మోగుతుంది. ఐఫోన్‌లో ఆ గడువు మూడు నిమిషాలే. ఇదంతా మామూలు కాల్స్‌కు. వాట్సాప్ కాల్ మోగుతుందని నమ్ముకోవద్దు. అమ్మానాన్నలకు ముందే చెప్పండి: అవసరమైతే మామూలు కాల్, ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి.

అసలు ఇంత కష్టం ఎందుకంటే, 2015లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక సంగతి చూపించారు: నోటిఫికేషన్ వచ్చిందని తెలిస్తే చాలు, ఫోన్ ముట్టుకోకపోయినా చేస్తున్న పనిలో తప్పులు పెరుగుతాయి. కాబట్టి ‘చప్పుడైనా నేను చూడనులే’ అనుకోవడం కుదరదు.

#4 · సిద్దిపేటపిల్లగాడు

అన్నా, గిదంత మంచిగనే ఉంది గని, గిన్ని సెట్టింగులు ఎందుకు? కీప్యాడ్ ఫోన్ కొనుక్కొని స్మార్ట్‌ఫోన్ ఇంట్ల అమ్మ చేతికి ఇచ్చేస్తే ఒక్క దెబ్బకు అయిపోతది కదా. పరీక్ష అయ్యేదాక అంతే.

#5 · టవర్‌లైన్

@సిద్దిపేటపిల్లగాడు, మంచి మార్గమే తమ్ముడూ, మూడు విషయాలు చూసుకుని చేయాలి.

జియో సిమ్ అయితే 2జీ కీప్యాడ్ ఫోన్‌లో పనిచేయదు. 4జీ కీప్యాడ్ ఫోనే తీసుకోవాలి. కొనేముందు బాక్సు మీద చూడండి.

యూపీఐ యాప్ బ్యాంకులో నమోదైన సిమ్‌తో ముడిపడి ఉంటుంది. ఆ సిమ్ తీసి కీప్యాడ్‌లో వేస్తే స్మార్ట్‌ఫోన్‌లో యూపీఐ ఆగిపోవచ్చు, మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సి రావచ్చు. ఫీజు ఆఖరి తేదీ రోజున ఈ గొడవ పెట్టుకోకూడదు. బ్యాంకు సిమ్ స్మార్ట్‌ఫోన్‌లోనే ఉంచి, రెండో సిమ్‌ను కీప్యాడ్‌లో వేసి, ఆ నంబరు ఇంట్లోవాళ్లకూ ఒకరిద్దరు స్నేహితులకూ మాత్రమే ఇవ్వండి. కాల్ ఫార్వర్డింగ్ కావాలంటే ఫోన్ సెట్టింగ్స్‌లోంచే పెట్టుకోండి. ఎవరో ఫోన్ చేసి చెప్పిన స్టార్ కోడ్ మాత్రం డయల్ చేయొద్దు, ఓటీపీ కాల్స్ దారి మళ్లించే మోసాలు అలాగే జరుగుతాయి.

మూడోది, ఉన్నట్టుండి పూర్తిగా తెగతెంపులు చేసుకుంటే కొందరికి ఆందోళన పెరుగుతుంది. 2019లో వచ్చిన ఒక ప్రయోగంలో నోటిఫికేషన్లను రోజుకు మూడుసార్లు కట్టకట్టి ఇస్తే జనం కుదుటపడ్డారు. పూర్తిగా ఆపేసిన గుంపులో ‘ఏం మిస్సవుతున్నానో’ అన్న బెంగ పెరిగింది. అందుకే మూడు వేళలు పెట్టుకోండి: మధ్యాహ్నం 1, సాయంత్రం 6, రాత్రి 8:30. ఒక్కో వేళ 15 నిమిషాలు. వేళ ఉందని తెలిస్తే మిగతా సమయంలో మనసు అడగడం తగ్గుతుంది.

మార్కెటింగ్ కాల్స్ విసిగిస్తుంటే 1909కి కాల్ చేసి డీఎన్‌డీ పెట్టించుకోండి. ఓటీపీలకూ బ్యాంకు మెసేజ్‌లకూ దానివల్ల ఇబ్బంది ఉండదు.

#6 · పాలిటీప్రియ

అందరూ ఫోన్ గురించే రాస్తున్నారు. ఫోన్ ఎప్పుడు ఎత్తుతారో గమనించండి: పేరా అర్థం కానప్పుడు, ఒక టాపిక్ అయిపోయి తర్వాత ఏం చదవాలో తేలనప్పుడు, ‘ఈరోజు ఎకానమీ చదవాలి’ అని కూర్చుని ఎకానమీ ఎక్కడ మొదలవుతుందో తెలియనప్పుడు. పని మసకగా ఉన్న చోటే చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది. ఫోన్ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసినా, పని మసకగానే ఉంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాం.

అందుకే ముందురోజు రాత్రి ప్రతి సిట్టింగ్‌కు ఒక చీటీ రాయండి. చీటీలో మూడు సంగతులు ఉండాలి: ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఏ పుస్తకంలో, అయిపోయిందని రుజువేమిటి. ఉదాహరణకు:

‘రాష్ట్రపతి. ఆర్టికల్ 52 నుంచి 62. తెలుగు అకాడమీ పుస్తకం. రుజువు: పుస్తకం మూసి ఎన్నికల గణం, ఓటు విలువ లెక్క, మహాభియోగం మెట్లు తెల్లకాగితం మీద రాయడం, తర్వాత 20 బిట్లు.’

ఇది చీటీ. ‘పాలిటీ 3 గంటలు’ అనేది చీటీ కాదు. గంటలు రాస్తే గంటలు గడుస్తాయి, అంతే. రుజువు రాస్తే ఆ రుజువు వచ్చేదాకా లేవబుద్ధి కాదు. రుజువు ఎప్పుడూ చేత్తో చేసేదే అయి ఉండాలి. ‘అర్థమైంది’ అన్నది రుజువు కిందికి రాదు. రంగు పెన్నుతో గీతలు గీయడమూ రాదు.

పక్కన ఇంకో ఖాళీ కాగితం పెట్టుకోండి. చదువుతుంటే రీఛార్జ్ గుర్తొస్తుంది, చెల్లి కాలేజీ ఫీజు గుర్తొస్తుంది, ‘గవర్నర్‌కూ రాష్ట్రపతికీ క్షమాభిక్షలో తేడా ఏంటి’ అనే సందేహం వస్తుంది. మూడింటినీ కాగితం మీద ఒక్కో ముక్క రాసి వదిలేయండి. మూడో సందేహమే అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే అది చదువులాగే కనిపిస్తుంది. గూగుల్‌లో వెతకడానికి ఫోన్ తీస్తాం, అది ఎక్కడికో పోతుంది. సందేహాలన్నీ పోగేసి సాయంత్రం ఒకేసారి పుస్తకంలోనో నెట్‌లోనో చూడండి. ఆర్టికల్ 72, 161 పక్కపక్కన చదివితే ఐదు నిమిషాల పని.

మధ్యలో లేవాల్సి వస్తే చీటీ మీద ‘తర్వాత: ఆర్టికల్ 58, అర్హతలు’ అని రాసి లేవండి. పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్తే మొదటిదాని ఆలోచన కొంత వెంటే వస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది. తిరిగొచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో ముందే రాసి ఉంటే మళ్లీ పట్టు దొరకడానికి ఎక్కువసేపు పట్టదు.

#7 · కాకతీయబాట

పాలిటీప్రియ గారు, చీటీ పద్ధతి బాగా నచ్చింది. పుస్తకం చదివేటప్పుడు సరే. వీడియో క్లాసు చూసేటప్పుడు ఫోనే పుస్తకం కదా, అప్పుడెలా?

#8 · ఆఫ్‌లైన్‌క్లాసు

వీడియో విషయం నేను చెబుతాను.

యూట్యూబ్‌కు చదువు కోసం విడిగా ఒక గూగుల్ అకౌంట్ తెరవండి. అందులో వాచ్ హిస్టరీ పూర్తిగా క్లియర్ చేసి, ఆఫ్ చేయండి. 2023 నుంచి వాచ్ హిస్టరీ ఆపేసి, పాతదేమీ పెద్దగా లేకపోతే, యూట్యూబ్ హోమ్ పేజీ సిఫార్సులు లేకుండా ఖాళీగా ఉంటుంది. ఆటోప్లే బటన్ వీడియో పైనే ఉంటుంది, ఆపేయండి. రాత్రి చీటీ రాసేటప్పుడే రేపటి క్లాసులు వెతికి ‘రేపు’ అనే ప్లేలిస్టులో వేయండి. పొద్దున ప్లేలిస్టు తెరవడమే తప్ప సెర్చ్ బాక్సు ముట్టుకోకూడదు. వెతకడం ఒక పని, చూడడం ఇంకో పని. రెండూ ఒకే వేళ చేస్తేనే దారి తప్పుతాం.

దీనితో వచ్చే చిక్కు ఒకటుంది. హిస్టరీ ఆపేస్తే వీడియో ఎక్కడ ఆపారో యూట్యూబ్‌కు గుర్తుండదు. నోట్సు మార్జిన్‌లో నిమిషం రాసుకోవాలి, ‘42:10’ అని. దానివల్ల ఇంకో మేలు కూడా జరుగుతుంది, రివిజన్‌లో ఆ ముక్క కోసం క్లాసంతా తిరగేయక్కర్లేదు.

డౌన్‌లోడ్ బటన్ ఉన్న వీడియోలు రాత్రే దింపుకుని పొద్దున ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో చూడండి. కొన్నిటికి ఆ బటన్ ఉండదు. దింపినవాటికి కూడా అప్పుడప్పుడు నెట్ తగిలించాలి, లేకపోతే ఆడవు.

పాత ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా మేలు. బ్రౌజర్‌లో అన్‌హుక్ అనే ఎక్స్‌టెన్షన్ పక్క సిఫార్సులనూ షార్ట్స్‌నూ కామెంట్లనూ దాచేస్తుంది. లీచ్‌బ్లాక్‌తో ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా ఫలానా సైట్లు తెరుచుకోకుండా పెట్టొచ్చు. రెండూ ఉచితం.

క్లాసుకు కూడా రుజువు ఉండాలి. గంట వీడియో చూశాక వీడియో మూసి, కనీసం అరగంట చూడకుండా రాయాలి. రోజుకు ఆరు గంటల క్లాసులు వింటూ, రాయడానికి సమయం లేదనేవాళ్లు క్లాసులు తగ్గించుకోవాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

#9 · సిద్దిపేటపిల్లగాడు

మరి ఎంతసేపు కూర్చోవాలె? పోమోడోరో అంటరు కదా, 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆగుడు. నడుస్తదా?

#10 · లెక్కలబడి

మొదలుపెట్టడానికి నడుస్తుంది, అక్కడే ఆగిపోతే నడవదు.

2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగిన తెలంగాణ గ్రూప్-2 చూడండి. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. పొద్దున 10 నుంచి 12:30, మధ్యాహ్నం 3 నుంచి 5:30. అంటే 150 నిమిషాలు లేవకుండా కూర్చుని, ఓఎంఆర్‌లో గడులు నింపే సమయంతో కలిపి ప్రశ్నకు ఒక్క నిమిషం. అదీ రెండు రోజులు, రోజుకు రెండుసార్లు. 25 నిమిషాలకోసారి లేవడం అలవాటైన ఒళ్లు మూడో పేపరులో ఏం చేస్తుంది?

మెట్లు ఇలా కట్టుకోండి. మొదటి వారం 25 చదువు, 5 విరామం. పట్టు కుదిరాక 50, 10. తర్వాత 75, 15. పరీక్షకు రెండు నెలల ముందు నుంచి వారానికి ఒక రోజు 10 నుంచి 12:30, 3 నుంచి 5:30 రెండు పేపర్లు నిజమైన ఓఎంఆర్ షీట్ మీద, లేవకుండా. 75కి వెళ్లగానే చివరి 20 నిమిషాలు పేజీ తిరుగుతోంది, తలకు ఎక్కట్లేదు అనిపిస్తే, 60కి దిగి ఇంకో వారం ఉండండి. మొండిగా లాగితే కూర్చుని పగటికలలు కనడం అలవాటవుతుంది. అది ఫోన్ కన్నా చెడ్డ అలవాటు, ఏ అంకెలోనూ కనబడదు కాబట్టి.

మిగతా రోజుల్లో కూడా కఠినమైన చదువు ఆ రెండు వేళల్లోనే పెట్టండి. మధ్యాహ్నం 3 గంటల పేపరుకు నిద్ర పెద్ద శత్రువు. ఒంటిగంటకు కడుపు నిండా అన్నం తిని రెండింటికి పడుకుంటే 3కి మెదడు లేవదు. అన్నం తగ్గించి, తినగానే పది నిమిషాలు నడిచి, పడుకుంటే 20 నిమిషాలకు అలారం పెట్టుకుని లేవండి.

విరామంలో తెర వద్దు. నీళ్లు, నడక, మెడ భుజాలు కదిలించడం. ఐదు నిమిషాలని రీల్స్ తెరిస్తే దానికి ఎక్కడా ముగింపు ఉండదు, మనమే మధ్యలో తెంపుకుని రావాలి. పైన లెరాయ్ మాట రాశారే, సరిగ్గా అదే జరుగుతుంది.

టైమర్ కోసం ఫోన్ వాడొద్దు. మామూలు గోడ గడియారమో చేతి గడియారమో చాలు. టైమ్ చూద్దామని ఫోన్ ఎత్తడం నుంచే సగం తిప్పలు మొదలవుతాయి.

#11 · డీఎస్సీఅక్క

ఇవన్నీ రీడింగ్ రూమ్‌లో కూర్చునేవాళ్లకు బాగున్నాయి తమ్ముళ్లూ. ఇంట్లో పిల్లలతో చదివేవాళ్లకు 75 నిమిషాలు ఎవరిస్తారు? వాళ్ల కోసం రాస్తున్నాను.

ఇంట్లో చదివేవాళ్లకు ఫోన్ రెండో అడ్డంకి, మనుషులు మొదటిది. వాళ్లను మ్యూట్ చేయలేం. అందుకే రోజును రెండు రకాలుగా విడదీయాలి. ఎవరూ లేవని వేళ, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర, కొత్త పాఠానికి. ఆ రెండు గంటలు బట్టలు నానబెట్టడానికీ పప్పు ఉడకబెట్టడానికీ ఇవ్వకూడదు, ఎంత చిన్న పనైనా సరే. మిగతా రోజంతా 15 నుంచి 20 నిమిషాల ముక్కలు వస్తాయి. వాటిలో కొత్తది మొదలుపెట్టొద్దు. చేత్తో రాసిన బిట్ల కార్డులు, ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు, 20 కార్డుల కట్ట. కూర ఉడికేలోపు ఒక కట్ట అవుతుంది. తప్పు చెప్పినవి విడిగా పెట్టి సాయంత్రం మళ్లీ.

వంట చేస్తూ చెవిలో క్లాసు వినడం రివిజన్‌కు పనికొస్తుంది. మొదటిసారి వినే పాఠానికి పనికిరాదు, పోపు వేగేటప్పుడు రెండు నిమిషాల పాఠం పోతుంది, పోయిందని కూడా తెలియదు.

పిల్లలు పిలిస్తే వెంటనే లేవకుండా ‘ఒక్క నిమిషం కన్నా’ అని, చదువుతున్న వాక్యం దగ్గర పెన్సిల్ గీత పెట్టి, తర్వాత ఏం చేయాలో ఒక్క మాట రాసి లేవండి. పాలిటీప్రియ చెప్పిన కిటుకు ఇంట్లో చదివేవాళ్లకే ఎక్కువ అవసరం, ఎందుకంటే రోజుకు పదిసార్లు లేవాలి. ఇంకోటి, ఇంట్లో పెద్దవాళ్లతో ‘నేను చదువుకోవాలి’ అంటే ఎవరికీ పట్టదు. ‘ఆరు నుంచి ఏడున్నర దాకా బాబును నువ్వు చూడు అత్తయ్యా’ అని వేళ చెప్పి అడిగితే కుదురుతుంది.

#12 · చిక్కడపల్లిబెంచీ

రీడింగ్ రూమ్‌లో ఏ అడ్డంకీ ఉండదని అనుకోకండి అక్కా. చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో సమయాన్ని ఎక్కువగా తినేది పుకారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది, పోస్టులు పెరుగుతాయా, కోర్టులో కేసు ఏమైంది, కీ మీద అభ్యంతరాలు ఎన్ని. టీ బండి దగ్గర పది నిమిషాలని మొదలై గంట అవుతుంది, తర్వాత సీటుకొచ్చినా అదే బుర్రలో తిరుగుతుంది. ఆ మాటల్లో మన చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు.

కట్టడి ఇలా చేయొచ్చు. కమిషన్ వెబ్‌సైట్, ఒక దినపత్రిక, రోజుకు ఒక్కసారి, సాయంత్రం 6 వేళలో. ఈ రెండింట్లో లేని వార్తను వార్తగా లెక్కపెట్టొద్దు. వార్తల కోసమే ఉన్న టెలిగ్రామ్ ఛానెళ్ల నుంచి బయటికి వచ్చేయండి, మ్యూట్ చాలదు. టీకి ఇద్దరే వెళ్లండి, ఆ రోజు చదివిన టాపిక్ మీద ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కోండి.

సీటు తలుపుకూ నడవాకూ ముఖం పెట్టేలా వద్దు. గోడవైపు తిరిగి కూర్చోండి. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టడం కాదు, బ్యాగు అడుగున, జిప్పు వేసి, బ్యాగు కాళ్ల వెనక. ఫోన్ బల్ల మీద ఉంటే చాలు ఆలోచన మందగిస్తుందని 2017లో ఒక పరిశోధన వచ్చింది, తర్వాతి ప్రయోగాల్లో అందరికీ అదే ఫలితం రాలేదు. అది తేలే సంగతి ఎలా ఉన్నా, జిప్పు తీసి ఫోన్ వెతికేలోపు ‘ఎందుకు తీస్తున్నాను’ అని ఒక్క క్షణం తడుతుంది. లెక్కలబడి గారు చెప్పిన రెండో రకం వాళ్లకు ఆ క్షణమే కావాలి.

#13 · కాకతీయబాట

యాప్ టైమర్లు, ఫోకస్ మోడ్, నలుపు తెలుపు తెర గురించి ఎవరూ రాయలేదు. పనిచేస్తాయా?

#14 · గోదారిగట్టు

యాప్ టైమర్ బలహీనమైనది. గడువు అయ్యాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెంచుకోవడం క్షణాల పని. ఫోకస్ మోడ్ కొంచెం నయం, ఎంచుకున్న యాప్‌లు బూడిద రంగులోకి మారి తెరుచుకోవు, వేళలు కూడా పెట్టొచ్చు. అందులోనూ ‘టేక్ ఎ బ్రేక్’ అనే దొడ్డిదారి ఉంది. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ ఇంకొకరితో పెట్టించి, ‘బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్’ ఆన్ చేస్తే గట్టిగా నిలబడుతుంది. పాస్‌కోడ్ పెట్టేవాళ్లు రూమ్‌మేట్ కాకుండా అన్నయ్యో వదినో అయితే అడగడానికి మొహమాటం వేస్తుంది, అదే మనకు కావాల్సింది.

అన్నిటికన్నా గట్టిది యాప్ తీసేయడం, బ్రౌజర్‌లో కూడా లాగౌట్ చేయడం, సేవ్ అయిన పాస్‌వర్డ్ చెరిపేయడం. అకౌంట్ అలాగే ఉంటుంది, పరీక్షయ్యాక మళ్లీ వేసుకోవచ్చు.

నలుపు తెలుపు తెర రీల్స్ ఆకర్షణ తగ్గిస్తుంది, వాడకం కూడా తగ్గిందని విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో తేలింది. కానీ జాగ్రఫీ మ్యాపులు, ఎకానమీ గ్రాఫులు రంగుల మీదే ఆధారపడతాయి. నేలల మ్యాపు నలుపు తెలుపులో చూస్తే రేగడి ఏదో ఎర్ర నేల ఏదో తెలియదు. కాబట్టి రాత్రి 9 తర్వాత పెట్టుకోండి. బెడ్‌టైమ్ మోడ్‌లో వేళ పెడితే దానంతటదే మారుతుంది.

#15 · పాలిటీప్రియ

రాత్రి ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి. అలారం కోసం విడిగా గడియారం కొనండి. మంచం దగ్గర ఫోన్ ఉంటే రాత్రి నిద్రా పోతుంది, పొద్దున మొదటి అరగంటా పోతుంది. హాస్టల్‌లో ఒకే గది అయితే ఛార్జర్‌ను తలుపు పక్క ప్లగ్గుకు మార్చండి, మంచం మీంచి చెయ్యి అందకూడదు.

#16 · సిద్దిపేటపిల్లగాడు

ఆఖరిగ ఒక్కటి. టెలిగ్రామ్ ఛానెళ్లు మ్యూట్ చేస్తే, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు ఎట్ల తీస్కోవాలె? దినాం వస్తయి.

#17 · ఆఫ్‌లైన్‌క్లాసు

రోజూ తీయకు తమ్ముడూ, ఆదివారం ఒక్కసారే తియ్. ముందు ఛానెళ్లు రెండుకు తగ్గించు. ఒకే వార్తను పది ఛానెళ్లు పది పీడీఎఫ్‌లుగా వేస్తాయి. మిగిలిన రెండింటిలో ఛానెల్ పేరు నొక్కితే ఫైల్స్ అనే ట్యాబ్ వస్తుంది, అందులో పీడీఎఫ్‌లు మాత్రమే వరసగా ఉంటాయి, పోల్సూ ప్రకటనలూ పోట్లాటలూ కనబడవు. వారం రోజులవి దింపి, ల్యాప్‌టాప్‌లోనో జిరాక్స్ షాపులోనో రెండు వైపులా ప్రింటు తీయించు. తీసే ముందు మొదటి పేజీలు, ప్రకటనల పేజీలు వదిలేసి పేజీ నంబర్లు చెప్పు, డబ్బులూ మిగులుతాయి. డేటా సెట్టింగ్స్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేయడం మర్చిపోకు, లేకపోతే ఛానెల్ తెరవగానే వీడియోలన్నీ దిగిపోయి స్టోరేజ్ నిండుతుంది, టెస్టు రోజున మాక్ యాప్ తెరుచుకోదు. ప్రింటు చేతికొచ్చాక దానిక్కూడా చీటీ రాయి: ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ, ఎన్ని బిట్లు.